వంగని బండి

బుచ్చిరాములు బండిని నడుపుకుంట రాలేదు,
బొలెరో ట్రాలీల పడేసి తెచ్చిండు.
"గుంజుతుంది తమ్మీ,
ఎడమకు పొమ్మంటే కుడికి సూస్తది."

పాత బుల్లెట్టు. పట్నంల ఎవరో
ఎనక చక్రం ఊడదీసి రెండు తగిలించిన్రు,
గేరు చేతికి తెచ్చిన్రు.
తగిలించిన్రు, అంతే.
ఎనక సుట్టాలొచ్చి దిగిన సంగతి
ముందటి చక్రానికి ఎవరూ చెప్పలే.

దేవరకొండ దాటినంక డిండి తొవ్వల నా షెడ్డు.
దారం గుంజిన, నాలుగు మేకులు కొట్టిన,
మోకాళ్ల మీద వంగి ఒంటికన్ను మూసి సూసిన.
ఎడమ చక్రం ముక్కు మూడు నూళ్లు బయటికి.
టైరు లోపలంచు నున్నగ, బయటంచు కొత్తగ.
టైరుకు మొకమాటం లేదు,
ఎక్కడ నొప్పో అక్కడే అరుగుతది.

కాలు సంగతి నేనడగలే.
షిమ్ములు ఏస్తుంటే ఆయనే అన్నడు:
"ముప్పై రెండేండ్లు ఎనకకు వాలి బతికిన.
ముత్తాదు నడుముకు, గుజి కాళ్లకు,
పోద్దాడు మీద
గాలిల కుర్సీ ఏసుకున్నట్టే ఉండేది.
ఒక్కనాడు మోకు నన్ను మర్సిపోయింది."
ఖలీలు చాయ తెచ్చిండు. తాగినం.

టీ ప్లేటు మార్చి
ఫోర్కును రెండేళ్ల మందం ముందుకు చాపిన.
హ్యాండిలు అల్కగయ్యింది.
బరువు యాడికీ పోలే, కొట్లాట పోయింది.
కానీ అల్కగైన తల ఊకుండదు,
ఇరవై, ముప్పై స్పీడుల వణుకుతది,
దానికొక డంపరు, తుక్కుల దొరికిన కారుది.
ఎనక చక్రాలు రెండింటినీ కలుపుతూ ఉక్కు కడ్డీ:
ఒకటి లేవబోతే రెండోది గుంజి కూసోబెడ్తది.
ఆయన దాన్ని వేలితోని తడిమి సూసిండు.
"గిది దీని ముత్తాదు" అన్నడు.
ఇరవై ఏండ్లుగ బిగిస్తున్న,
నాకు తట్టలే ఆ మాట.

గాలి మూడు టైర్లకూ ముప్పై రెండు కొట్టించిండట.
ఎనక పద్దెనిమిదికి దించిన.
"గంత తక్కువైతే పడుకోదా?"
"పడుకోదు. కూసుంటది."

పెట్టె నెత్తి మీద ఉంది, కిందికి తెచ్చిన:
స్టవ్వు, సోలెడు బియ్యం, టార్పాలిన్, మిరపకాయ తొక్కు.
"శ్రీశైలం గుడికా?"
"గుడికి కాదు. మన్ననూరు ఎక్కి, దోమలపెంట దాటి
ఏడనన్న అంచుకు బండి ఆపాలె.
పైకెళ్లి కిందికి సూసి
పదకొండేండ్లయ్యింది."

పానా చేతిల అట్లనే ఉండిపోయింది కొంచెంసేపు.

పల్లిచేను పక్కన ఎర్రమట్టి జాగల తిప్పుమన్న.
మొదటి చుట్టు: మూల కాడ
లోపలి చక్రం గీత బారెడు దూరం లేనేలేదు,
మట్టి ఖాళీ.
"సగం తప్పు బండిది, బాగు చేసిన.
మిగిలిన సగం నీ చేతులది.
రెండు చక్రాల అలవాటు,
ఎడమకు పోనీకి ఎడమ పిడిని నూకుతున్నవు.
ఇది వంగే బండి కాదు.
వంగుడంత నీదే, లోపలికి.
పిడిని ఎటు తిప్పితే అటు పోతది,
ఉపాయం లేదు, మర్మం లేదు."
"వంగనిదాన్ని ఎట్ల నమ్మాలె?"
"తాటిచెట్టు వంగిందా?"

నవ్విండు. పండ్ల సందున పొగాకు.
నాలుగో చుట్టుకు
మట్టిల మూడు గీతలు, ఏడా తెగలే.

ఆరో దినం పొద్దుగూకంగ ఫోను.
గాలి చప్పుడే ఎక్కువ, మాట తక్కువ.
"కృష్ణ సన్నగ కనబడ్తుంది తమ్మీ,
కల్లు గీసిన మట్టకు కారే ధార లెక్క.
బండి ఆపి
పెట్టెకు ఆనుకొని, ఎనకకు వాలి కూసున్న."
జరసేపు ఏం మాట్లాడలే.
తర్వాత గొంతు మార్చి,
"ముప్పై కాడ తల ఇంకా సిన్నగ ఊపుతుందిరా"
అన్నడు.
డంపరు ఒక్క చుట్టు బిగియ్యాలె.
రానీ.